రంగు తర్వాత, ఆంపియర్లు ముందు: ఇంటికి, ఆఫీసుకు స్విచ్చులు, సాకెట్ల ఎంపిక

ఇల్లు కట్టేవారు టైల్స్ కోసం నాలుగు షాపులు తిరుగుతారు, సింహద్వారం చెక్క గురించి పదిమందిని అడుగుతారు. స్విచ్చుల దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఎలక్ట్రీషియన్ రాసిచ్చిన చీటీ షాపులో పెట్టి, "మంచి కంపెనీవి ఇవ్వండి" అంటారు. హైదరాబాద్ ట్రూప్ బజార్ అయినా, మండల కేంద్రంలోని చిన్న షాపు అయినా, కౌంటరు మీదికి మొదట వచ్చేది ప్లేట్ల కేటలాగు. తెలుపు, బూడిద, చెక్క రంగు, గాజు. ఆ కేటలాగు తెరవకముందే చేయాల్సిన పని ఒకటుంది. ఏ గోడ మీద ఏ వస్తువు నడుస్తుంది, అది ఎంత కరెంటు లాగుతుంది అని గదివారీగా ఒక కాగితం మీద రాసుకోవాలి. ఆ కాగితం ఉంటే మిగిలిన ఎంపిక ఒక పూటలో తేలిపోతుంది.

నా పక్షపాతం ముందే చెప్పేస్తాను. స్విచ్చుల మీద కంటే సాకెట్ల మీద, హాల్లో కంటే వంటింట్లోనూ గీజరు దగ్గరా ఎక్కువ డబ్బు పెట్టాలి. చాలా ఇళ్లలో తలకిందులుగా జరుగుతుంది: హాల్లో గాజు ప్లేట్లు మెరుస్తుంటాయి, గీజరు దగ్గర ఏదో మిగిలిపోయిన సరుకు బిగించి ఉంటుంది.

చిన్న సాకెట్, పెద్ద సాకెట్

మన ఇళ్లకు వచ్చేది 230 ఓల్టుల కరెంటు. మూడు రంధ్రాల సాకెట్లలో చిన్నది 6 ఆంపియర్లది, పెద్దది 16 ఆంపియర్లది. పాత అలవాటు కొద్దీ షాపుల్లో వీటిని ఇప్పటికీ 5 ఆంపియర్లు, 15 ఆంపియర్లు అంటుంటారు. పెద్దదానికి పవర్ ప్లగ్ అనే పేరూ ఉంది. ఓల్టులను ఆంపియర్లతో గుణిస్తే వాట్లు వస్తాయి. అంటే చిన్న సాకెట్ గరిష్ఠంగా 1380 వాట్లు, పెద్దది 3680 వాట్లు మోయగలదు. ఇవి అంచులు. రోజూ గంటల తరబడి అంచు మీద నడపడం ఏ సాకెట్‌కూ మంచిది కాదు.

ఈ లెక్కతో ఇల్లంతా ఒకసారి చూడండి. టీవీ, సెట్‌టాప్ బాక్సు, వైఫై రూటరు, ఫోను ఛార్జర్లు, టేబుల్ ఫ్యాను అన్నీ కలిపినా చిన్న సాకెట్‌కు బరువు కాదు. మిక్సీ 500 నుంచి 750 వాట్లు, రైస్ కుక్కర్ 700 దగ్గర, ఇస్త్రీ పెట్టె 750 నుంచి 1000 వాట్లు. వీటికీ చిన్న సాకెట్ సరిపోతుంది. కరెంటు కెటిల్ 1500 వాట్లయితే 6.5 ఆంపియర్లు లాగుతుంది, అప్పటికే గీత దాటింది. ఇండక్షన్ పొయ్యి, నీళ్లు వేడిచేసే వాషింగ్ మెషిన్, 2000 వాట్ల స్టోరేజి గీజరు 9 ఆంపియర్ల దగ్గర ఉంటాయి. 3000 వాట్ల ఇన్‌స్టంట్ గీజరు 13 ఆంపియర్లు. మైక్రోవేవ్ పెద్ద ప్లగ్‌తోనే వస్తుంది. ఫ్రిజ్ నడిచేటప్పుడు లాగేది తక్కువే కానీ కంప్రెసర్ మొదలయ్యే క్షణంలో ఒక్కసారిగా ఎక్కువ లాగుతుంది, పైగా ఇరవై నాలుగు గంటలూ ఆ ప్లగ్ అక్కడే ఉంటుంది. దానికి కూడా పెద్ద సాకెట్టే ఇవ్వండి.

సాకెట్ మార్చితే సరిపోదు, వెనకున్న తీగ కూడా దానికి తగ్గట్టుండాలి. లైట్లు, ఫ్యాన్ల సర్క్యూట్లకు 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ, 16 ఆంపియర్ల సాకెట్‌కు 2.5, ఏసీకి 4 చదరపు మిల్లీమీటర్లు అనేది మన దగ్గర సాధారణంగా పాటించే లెక్క. పాత ఇళ్లలో లైట్ల తీగ మీదే పెద్ద సాకెట్ బిగించేసి 'పవర్ పాయింటు ఇచ్చాం' అనే మేస్త్రీలు ఉన్నారు. బయటికి అది పెద్ద సాకెట్‌లాగే కనిపిస్తుంది, గోడ లోపల తీగ వేడెక్కుతుంటుంది. పెద్ద ప్లగ్‌ను చిన్న సాకెట్‌లో పెట్టుకోవడానికి దొరికే అడాప్టర్‌దీ ఇదే దోషం. దాన్ని ఇంట్లోంచి తీసేయడం ఈ వ్యాసంలో చెప్పే సలహాల్లో ఖర్చు లేనిది.

రెండు సైజుల ప్లగ్గులూ పట్టే 6/16 కాంబో సాకెట్ల సంగతి. వంటింటి గట్టు మీద ఇవి చాలా సుఖం. ఒకే చోట పొద్దున మిక్సీ, మధ్యాహ్నం ఇండక్షన్ పొయ్యి పెట్టుకోవచ్చు. అయితే సన్న పిన్నునూ లావు పిన్నునూ ఒకే లోహపు పట్టీ పట్టుకోవాలి గనుక చౌక రకాల్లో పట్టు త్వరగా వదులవుతుంది. తీస్తూ పెడుతూ ఉండే చోట మంచి కంపెనీ కాంబో తీసుకోండి. ప్లగ్ కదలకుండా ఉండిపోయే ఫ్రిజ్, వాషింగ్ మెషిన్‌లకు అచ్చంగా 16 ఆంపియర్లదే పెట్టించండి.

ఎంసీబీ పడిపోదు, సాకెట్ మాత్రం కరిగిపోతుంది

గీజరు ప్లగ్ చుట్టూ గోధుమరంగు మచ్చ, కాలిన వాసన చాలా ఇళ్లలో తెలిసినవే. "ఎంసీబీ ఉంది కదా, ఎందుకు పడిపోలేదు?" అని అడుగుతారు. ఎంసీబీ అంటే కరెంటు మితిమీరితే తనంతట తానే పడిపోయే స్విచ్. అది చూసేది సర్క్యూట్‌లో మొత్తం ఎంత కరెంటు పోతోందన్నదే. గీజరు తన వంతు 13 ఆంపియర్లే లాగుతోంది, 16 ఆంపియర్ల ఎంసీబీకి అందులో తప్పేమీ కనిపించదు. లోపం ఉన్నది పిన్నుకూ సాకెట్ లోపలి పట్టీకీ మధ్య, లేదా వెనక వదులుగా బిగించిన స్క్రూ దగ్గర. అక్కడ నిరోధం 0.2 ఓమ్ పెరిగిందనుకోండి. కరెంటు వర్గాన్ని నిరోధంతో గుణిస్తే 13 × 13 × 0.2, దాదాపు 34 వాట్లు. రేడియో మెకానిక్ వాడే సోల్డరింగ్ ఐరన్ సాధారణంగా 25 వాట్లది. అంతకంటే వేడి వస్తువొకటి మీ సాకెట్ లోపల, ప్లాస్టిక్ మధ్య కూర్చున్నట్టు.

అందుకే సాకెట్ కొనేటప్పుడు చూడాల్సింది లోపలి ఇత్తడి పట్టీ మందం, పిన్నును అది పట్టే గట్టితనం, తీగ బిగించే స్క్రూ సైజు. షాపులోనే ఒక ప్లగ్ టాప్ అడిగి పెట్టి చూడండి. దూర్చడానికి కాస్త బలం కావాలి, పెట్టాక అటూ ఇటూ ఊగకూడదు. చేతిలో బరువు తెలుస్తుంది. ఒకే సైజు సాకెట్లు రెండు కంపెనీలవి పక్కపక్కన పట్టుకుంటే లోపల ఎవరు లోహం పెట్టారో, ఎవరు పొదుపు చేశారో అర్థమవుతుంది.

గీజరుకు నా ఓటు సాకెట్‌కు అసలు కాదు, డీపీ స్విచ్‌కు. డీపీ అంటే డబుల్ పోల్: ఆపితే ఫేజ్ (కరెంటు వచ్చే తీగ), న్యూట్రల్ (తిరిగి వెళ్లే తీగ) రెండూ తెగిపోతాయి. మామూలు స్విచ్ ఫేజ్‌ను మాత్రమే తెంచుతుంది. 20 లేదా 25 ఆంపియర్ల డీపీ స్విచ్, వెలిగే దీపంతో, బాత్‌రూమ్ తలుపు బయట పెట్టించి, గీజరు తీగను నేరుగా కలిపిస్తే వదులయ్యే ప్లగ్ అనేదే మధ్యలో ఉండదు. గీజరు ఆన్‌లో ఉందో లేదో హాల్లోంచే కనిపిస్తుంది కూడా. ప్లగ్ కావాల్సిందే అనుకుంటే దాన్ని నీళ్లు చిమ్మే చోటికి దూరంగా, ఎత్తులో ఉంచాలి.

ఏసీది ఇంకో దారి. 1.5 టన్నుల ఏసీ నడిచేటప్పుడు 7, 8 ఆంపియర్ల దగ్గరే ఉన్నా, ఇన్వర్టర్ లేని పాత రకాల్లో కంప్రెసర్ లేచేటప్పుడు అంతకు ఎన్నో రెట్లు లాగుతుంది. 20 ఆంపియర్ల సాకెట్, పక్కనే ఎంసీబీ ఉన్న ఏసీ బాక్సు ఇందుకే వాడతారు. రేకు పెట్టె రకం చూడటానికి మోటుగా ఉంటుంది, పని బాగా చేస్తుంది. గోడలో కలిసిపోయే మాడ్యులర్ రకాలూ దొరుకుతాయి. మామూలు స్విచ్ మీద ఏసీ నడపవద్దు.

పియానో రకమా, మాడ్యులరా?

పియానో స్విచ్చులంటే మనందరికీ తెలిసిన తెల్ల స్విచ్చులే. యాంకర్ పెంటా పేరుతో ఊరూరా దొరికేవి. పలకకు రంధ్రాలు కోసి, ఒక్కో స్విచ్‌ను స్క్రూలతో బిగిస్తారు. వీటిని పాతకాలపువని తీసిపారేయనక్కర్లేదు. ధర తక్కువ, ఏ పల్లెటూరి షాపులోనైనా దొరుకుతాయి, ఒకటి పాడైతే మర్నాడే మరో కంపెనీది తెచ్చి బిగించవచ్చు. అద్దెకిచ్చే పోర్షన్లు, పశువుల పాక, మోటారు గది, గోదాము లాంటి చోట్ల నేనైతే పియానో రకమే పెడతాను. లోపాలూ ఉన్నాయి. పలక మీద స్క్రూలు బయటికి కనిపిస్తాయి, సందుల్లో దుమ్ము, చీమలు చేరతాయి, చౌక పలకలు ఏళ్ల తర్వాత పసుపురంగుకు తిరుగుతాయి.

మాడ్యులర్‌లో గోడలో రేకు లేదా పీవీసీ పెట్టె, దాని మీద ఫ్రేము, ఫ్రేములో నొక్కితే కూర్చునే ముక్కలు, పైన ప్లేటు. లెక్క మాడ్యూళ్లలో ఉంటుంది: 6 ఆంపియర్ల స్విచ్ ఒక మాడ్యూలు, సాకెట్ సాధారణంగా రెండు, ఫ్యాను రెగ్యులేటరు రకాన్ని బట్టి ఒకటి లేదా రెండు. ఆరు స్విచ్చులు, ఒక సాకెట్, ఒక రెండు మాడ్యూళ్ల రెగ్యులేటరు అంటే పది మాడ్యూళ్లు. 12 మాడ్యూళ్ల ప్లేటు తీసుకుంటే రెండు చోట్లు ఖాళీ మూతలతో మిగులుతాయి. మిగలనివ్వండి. రేపు ఏదో ఒకటి కలపాలనిపించినప్పుడు గోడ పగలగొట్టే పని తప్పుతుంది.

మాడ్యులర్‌తో అసలు చిక్కు ఒక కంపెనీ ముక్క ఇంకో కంపెనీ ఫ్రేములో కూర్చోకపోవడం. ఒకే కంపెనీలో కూడా ఒక రేంజి ముక్క మరో రేంజిలో పట్టకపోవచ్చు. ఇల్లు కట్టిన ఎనిమిదేళ్లకు ఒక సాకెట్ పోయి, ఆ రేంజి తయారీ ఆగిపోయి ఉంటే మొత్తం బోర్డు మార్చాలి. అందుకని లెగ్రాండ్, యాంకర్, హ్యావెల్స్, జీఎం, గోల్డ్‌మెడల్, ష్నైడర్, ఇంకేదైనా సరే, కంపెనీ పేరుకంటే ముందు ఆ రేంజి మీ ఊళ్లో ఎన్ని షాపుల్లో నిల్వ ఉందో విచారించండి. మధ్యస్థ ధరలో ఎక్కువగా అమ్ముడయ్యే రేంజి సాధారణంగా ఎక్కువ కాలం దొరుకుతుంది. గాజు, లోహపు ప్లేట్లతో వచ్చే ఖరీదైన రేంజిల్లో డబ్బులో పెద్ద భాగం ప్లేటుకే పోతుంది. కొనేటప్పుడే నాలుగు స్విచ్చులు, రెండు సాకెట్లు, ఒక ప్లేటు అదనంగా తీసుకుని అటక మీద పెట్టుకోండి.

ఏ రకమైనా ఐఎస్ఐ గుర్తు తప్పనిసరి. స్విచ్ మీద ఐఎస్ 3854, ప్లగ్గులూ సాకెట్ల మీద ఐఎస్ 1293 అని ఉంటుంది; గుర్తు కింద ఉండే లైసెన్సు నంబరును బీఐఎస్ కేర్ యాప్‌లో సరిచూసుకోవచ్చు. పేరున్న కంపెనీల నకిలీలు ఎక్కువగా తిరుగుతుంటాయి గనుక ఈ రెండు నిమిషాల పని వృథా కాదు. బాడీ పాలీకార్బొనేట్‌దైతే వేడికి, దెబ్బకు బాగా తట్టుకుంటుంది. సాకెట్ రంధ్రాలకు లోపల షట్టర్ ఉన్నవే తీసుకోండి. ఎర్త్ పిన్ను పొడుగ్గా ఉంటుంది, అది ముందు దిగితేనే మిగతా రెండు రంధ్రాలు తెరుచుకుంటాయి. పాకే పిల్లలున్న ఇంట్లో పుల్ల పెట్టి తిప్పినా లోపలికి పోదు. (ఇదే షట్టర్‌ను పెన్నుతో తెరిచి రెండు పిన్నుల ఛార్జర్ దూర్చే విద్య కూడా మనవాళ్లకు బాగా వచ్చు. రెండు పిన్నుల రంధ్రాలు విడిగా ఉన్న అయిదు రంధ్రాల సాకెట్ తీసుకుంటే ఆ అవసరం ఉండదు.)

స్విచ్చుల్లో తేడాలు

వన్ వే స్విచ్ మామూలుది. మెట్ల దగ్గర, మంచం పక్కన, పొడుగాటి వరండాలో రెండు చోట్ల నుంచి ఒకే లైటు వేయడానికి టూ వే కావాలి. మూడో చోటు కూడా కావాలంటే మధ్యలో ఇంటర్మీడియెట్ స్విచ్ వస్తుంది. ఇవి చివర్లో అనుకుంటే కుదరదు, తీగలు లాగేటప్పుడే అదనపు తీగ వేయించాలి. పడకగదిలో తలుపు దగ్గర, మంచం దగ్గర టూ వే పెట్టించని ఇంట్లో ప్రతి రాత్రీ ఎవరో ఒకరు లేచి లైటు ఆపాల్సిందే.

స్విచ్ మీద 6ఏ, 10ఏఎక్స్ లాంటి రాతలు కనిపిస్తాయి. ఏఎక్స్ అని ఉన్నవి ట్యూబ్‌లైట్ల లాంటి బరువుకు పరీక్షించినవి. ఎల్ఈడీ లైట్లు తక్కువ వాట్లవే అయినా, వాటికి కరెంటు అందించే డ్రైవర్ సర్క్యూట్లు వెలిగే క్షణంలో ఒక్కసారిగా ఎక్కువ కరెంటు లాగుతాయి. ఇంట్లో ఒక స్విచ్‌కు రెండు మూడు లైట్లుంటే దీని ప్రభావం కనిపించదు. ఆఫీసులో ఒకే స్విచ్ మీద ఇరవై ప్యానెల్ లైట్లు ఉంటే మామూలు స్విచ్ కాంటాక్టులు నిప్పురవ్వలకు అతుక్కుపోతాయి. అక్కడ 10ఏఎక్స్ తీసుకోవాలి, లేదా లైట్లను రెండు మూడు స్విచ్చులకు పంచాలి.

ఫ్యాను రెగ్యులేటర్లలో మెట్లు మెట్లుగా తిరిగే కెపాసిటర్ రకం మంచిది; హమ్మింగ్ ఉండదు, కరెంటు వేడిగా వృథా కాదు. బీఎల్‌డీసీ (వేగం మార్చే ఏర్పాటు లోపలే ఉండే రకం) ఫ్యాన్లు కొనేవారు రెగ్యులేటరు మీద డబ్బు పెట్టనక్కర్లేదు, వాటికి మామూలు రెగ్యులేటరు వాడకూడదు.

గోడలోనే యూఎస్‌బీ పోర్టు నాకు అంతగా నచ్చదు. స్విచ్ పాతికేళ్లు ఉంటుంది, ఛార్జింగ్ పద్ధతి అయిదేళ్లకోసారి మారుతుంది. మంచం పక్కన ఒకటి చాలు, అదీ టైప్ సీ ఉన్నది. స్మార్ట్ స్విచ్చులు కావాలనుకుంటే రెండు విషయాలు చూడండి. చాలావాటికి బోర్డులో న్యూట్రల్ తీగ కావాలి. సాకెట్ ఉన్న బోర్డులో అది ఎలాగూ ఉంటుంది, ఒట్టి లైట్ల బోర్డులో ఉండకపోవచ్చు. వైఫై లేనప్పుడు చేత్తో నొక్కినా పనిచేసే రకమే కొనాలి, లేకపోతే ఇంటికొచ్చిన చుట్టాలు చీకట్లో కూర్చుంటారు.

ఆఫీసు లెక్క వేరు

ఇంట్లో వస్తువుకు పాయింటు, ఆఫీసులో మనిషికి పాయింటు. ఒక్కో కుర్చీకి కంప్యూటర్, మానిటర్, ఫోను, మరొకటి అని నాలుగు సాకెట్లు వేసుకోండి. రెండిచ్చి సరిపెడితే ఆరు నెలల్లో బల్లల కింద ఎక్స్‌టెన్షన్ బాక్సులు, వాటికి మరో ఎక్స్‌టెన్షన్ పాకుతాయి. అన్ని బల్లలూ గోడ పక్కన ఉండవు గనుక నేలలో పెట్టే ఫ్లోర్ బాక్సులు, బల్ల మీంచి పైకి లేచే పాప్ అప్ బాక్సులు అవసరమవుతాయి. రోజూ తడిగుడ్డతో తుడిచే నేల అయితే ఫ్లోర్ బాక్సు కంటే బల్ల కాళ్ల వెంట పైకి తెచ్చే సాకెట్లు మేలు.

మామూలు కరెంటుకూ యూపీఎస్ కరెంటుకూ సాకెట్లు విడిగా ఉండాలి, చూడగానే తెలియాలి. యూపీఎస్‌వి ఎర్ర సాకెట్లు, మామూలువి తెల్లవి అనేది చాలా ఆఫీసుల్లో ఉన్న పద్ధతి. లేజర్ ప్రింటర్‌ను ఎర్ర సాకెట్‌లో పెట్టకూడదు. అది కాగితం మీద పొడిని అతికించడానికి లోపల ఒక రోలర్‌ను వేడిచేస్తుంది, ఆ కుదుపుకు చిన్న యూపీఎస్ తట్టుకోలేక అందరి కంప్యూటర్లనూ ఆర్పేస్తుంది. టీ కెటిల్ కూడా ఎర్ర సాకెట్ వైపు రాకుండా పాంట్రీకి విడి సర్క్యూట్ ఇవ్వండి.

అన్ని దేశాల ప్లగ్గులూ పట్టే యూనివర్సల్ సాకెట్లు సమావేశాల గదిలో ఒకటి రెండు ఉంటే చాలు. కొన్ని విదేశీ ప్లగ్గులు వాటిలో దూరతాయే గానీ వాటి ఎర్త్ కలవదు. ల్యాప్‌టాప్ ఛార్జర్‌కు ఫర్వాలేదు, లోహపు ఒళ్లున్న యంత్రానికి ప్రమాదం. ఇళ్లకూ ఇది వర్తిస్తుంది. దుబాయి నుంచి వచ్చినవారు తెచ్చే వస్తువుల ప్లగ్ బ్రిటిష్ రకం, దీర్ఘచతురస్రపు పిన్నులు. అక్కడి ఓల్టేజి మనకు దగ్గరే గనుక ప్లగ్ టాప్ కోసేసి మన 16 ఆంపియర్లది బిగిస్తే చక్కగా నడుస్తుంది. అమెరికా నుంచి తెచ్చిన మిక్సీ సంగతి అలా కాదు. అది 120 ఓల్టులది. అడాప్టర్ పిన్నుల ఆకారాన్ని మారుస్తుందే గానీ ఓల్టేజిని మార్చదు, పెట్టిన మరుక్షణం పొగ వస్తుంది.

బిగించాక

పెయింటు పని అయ్యాక ఎలక్ట్రీషియన్‌కు డబ్బు ఇచ్చేముందు ప్రతి సాకెట్‌నూ చూడండి. ఎర్త్ రంధ్రం పైకి ఉండగా ఎదురుగా నిలబడితే ఫేజ్ కుడివైపు, న్యూట్రల్ ఎడమవైపు ఉండాలి. టెస్టర్ కుడి రంధ్రంలో వెలగాలి, స్విచ్ ఆపితే ఆరిపోవాలి. ఆపినా వెలుగుతుంటే స్విచ్‌ను న్యూట్రల్ మీద కలిపారన్నమాట. అలాంటి బోర్డు మీద బల్బు మార్చినా షాకు కొట్టవచ్చు. మెయిన్ బోర్డులో, కరెంటు లీకయితే వెంటనే ఆపేసే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ ఉందో లేదో చూసి, దాని మీద ఉండే టెస్ట్ బటన్ నొక్కండి, వెంటనే పడిపోవాలి. మేడ మీద, వరండాలో, వాన జల్లు పడే చోట మూతతో వచ్చే ఐపీ55 లేదా ఐపీ66 రకం పెట్టారో లేదో కూడా అప్పుడే గమనించండి. చివరగా, గీజరునూ ఇండక్షన్ పొయ్యినీ అరగంట నడిపి ఆపేసి, ప్లగ్ తీసి చేత్తో తాకండి. గోరువెచ్చగా ఉంటే ఫర్వాలేదు. చెయ్యి పెట్టలేనంత వేడిగా ఉంటే ఆ సాకెట్ విప్పించి వెనక స్క్రూ మళ్లీ బిగించమనండి, అప్పటికీ తగ్గకపోతే సాకెట్ మార్పించండి.